ఒక్కగానొక్క గుమ్మడికాయ

మా ఆయన ఉద్యోగం పోయిన వారంలో ఐర్లండులో, మేముండే గాల్వేలోని ఆసియా సరుకుల దుకాణం నుంచి తియ్యగుమ్మడి ముక్క తెచ్చి పులుసు పెట్టాను. గింజలు చెత్తలో వేయబోయి, ఎందుకో ఆగి, కడిగి కాగితం మీద ఆరబెట్టాను. తోట వేయాలన్న ఆలోచనేమీ లేదు. చేతులకు ఏదో ఒక పని కావాల్సి వచ్చింది.

మాంద్యం మొదలై అప్పటికి ఏడాది దాటింది. మా ఆయన గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. ఒక ఉదయం అందరినీ క్యాంటీన్‌లో నిలబెట్టి, ఆ లైను మొత్తం మూసేస్తున్నామని చెప్పారట. భోజనాల వేళకు ముందే ఇంటికి వచ్చేశారు. ఒక చేతిలో కాఫీ కప్పు, ఇంకో చేతిలో ఆఫీసులో ఉంచుకునే బూట్లు.

"లైను తీసేశారు" అన్నారు.

"టీ పెట్టనా?" అన్నాను.

ఆ రోజుకు మేం మాట్లాడుకున్నది అంతే.

గార్డులని పిలిచే ఇక్కడి పోలీసుల స్టేషన్‌లో ఇచ్చిన మా నివాస కార్డుల మీద నవంబరు ఆఖరు దాకానే గడువు ఉంది. ఈలోగా ఇంకో కంపెనీ ఆయన్ని తీసుకుని వర్క్ పర్మిట్‌కు పెట్టాలి. లేదంటే సామాను సర్దుకోవాలి. మా పాప ఇక్కడే పుట్టింది, ఇక్కడే బడికి వెళ్తోంది, కలలో పలవరించినా ఇక్కడి యాసే. నాకు ఉండిపోవాలని ఉంది. ఆ కోరిక నాలో ఉందని తెలుసు, బీరువా అడుగున ఫలానా చీర ఉందని తెలిసినట్టు. తీసి చూసుకోలేదు.

నేను మిషన్ కాంపౌండులో పెరిగినదాన్ని. నాన్నగారు పాస్టరు. కంఠత వాక్యం ఒప్పజెప్పకుండా మా ఇంట్లో ఎవరూ అన్నం ముందు కూర్చోలేదు. ఏ కష్టానికి ఏ వాక్యమో, మందుల షాపులో పనిచేసేవాళ్ళు చూడకుండానే సీసా అందుకున్నట్టు అందుకోగలను. ఆ వసంతంలో ఒక్కొక్కటే అందుకున్నాను. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏదీ లోపలికి దిగలేదు. ప్రార్థన మాత్రం మానలేదు. మానడం నాకు చేతకాదు. ఉదయమూ సాయంత్రమూ మోకాళ్ళ మీద ఉండేదాన్ని, నోరు తన పని తాను చేసుకుపోయేది, నా కళ్ళు కార్పెట్ మీద పాత టీ మరకను చూస్తుండేవి. దేవుడు లేడని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఉన్నాడు. పక్క గదిలో ఎవరో ఉన్నట్టు ఉన్నాడు.

ఆ గింజల్ని పెరుగు డబ్బాల్లో నాటి, రేడియేటర్ పైన కిటికీ గట్టు మీద పెట్టాను. మూడు మొలిచాయి. చలి తగ్గాక పెరట్లో గడ్డి చెక్కి, గుంటలు తీసి నాటాను. రెండింటిని నత్తలు తినేశాయి. మూడోదాని మీద నీళ్ళ సీసా అడుగు కోసి బోర్లించాను. అది బతికింది.

మా తెలుగు సంఘం నెలకొక ఆదివారం మధ్యాహ్నం, ఒక చర్చి వాళ్ళు వాడుకోమని ఇచ్చిన హాల్లో కూడుకునేది. పాస్టరు లేరు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసే పెద్దాయన ఒకరు వాక్యం చెప్పేవారు. అందరికీ ఆయన అంకులే. అంతకు ముందేడు హాలు నిండేది. ఆ ఏడు నెలకొక కుటుంబం చొప్పున వెళ్ళిపోతుంటే కుర్చీలు మడిచి గోడకు ఆనించడం నేర్చుకున్నాం. అంకుల్ మాత్రం తగ్గలేదు. "ఈసారి అక్టోబరులో కోత పండుగ చేసుకుందాం. ఎవరి చేతి పంట వాళ్ళు తేవాలి, వేలం పాడదాం" అన్నారు. నేను లేచి, "మా పెరట్లో గుమ్మడి పాదు పెట్టాను, తొలి కాయ దేవునిది" అన్నాను. ఎవరూ అడగలేదు. చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి వచ్చేసింది.

మా నాన్నగారి సంఘంలో కోత పండుగ అంటే బలిపీఠం ముందు అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, బియ్యం బస్తాలు, గుమ్మడికాయలు. ఆరాధన కాగానే వేలం. పాడుకున్నవాళ్ళు చాలాసార్లు ఆ కాయను తిరిగి ఇచ్చేసేవాళ్ళు, మళ్ళీ వేలం వేసేవాళ్ళు. ఒక్క గుమ్మడికాయ హాలంతా తిరిగొచ్చేది. పాదుకు మొదటి పిందె పడగానే ఇంటి ఆడవాళ్ళు దాని కాడకు ఒక గుడ్డపీలిక కట్టేవాళ్ళు. అది కట్టాక కరువొచ్చినా ఆ కాయ మీద కత్తి పడదు. పండుగ నాడే కోయాలి.

జూన్‌లో పాదు పూసింది. అన్నీ మగపూలే. ఎప్పుడో ఒక ఆడపువ్వు, కింద గోళీకాయంత పిందెతో వచ్చేది. తెల్లారి విచ్చుకునేది, వానకు తడిసి మధ్యాహ్నానికి ముద్దయ్యేది, పిందె పచ్చబడి రాలేది. మా ఊళ్ళో పువ్వు మగదా ఆడదా అని చూసిన జ్ఞాపకం లేదు. తేనెటీగలు చూసుకునేవి. ఇక్కడ జూలై అంతా వాన. వానలో తేనెటీగ రాదు.

మా ఆయన అప్పటిదాకా పెరట్లోకి అడుగుపెట్టలేదు. పొద్దంతా వంటింటి బల్ల దగ్గర కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగాలకు రాసేవారు. ఒక ఉదయం కిటికీలోంచి చూస్తే, రెయిన్‌కోటు వేసుకుని, ఫ్యాక్టరీలో వాడే పల్చటి తొడుగులు చేతులకు తొడుక్కుని, పాప రంగులు వేసుకునే కుంచెతో మగపువ్వు పుప్పొడి అద్ది ఆడపువ్వులో రాస్తున్నారు. రాసి, పువ్వు మూతిని దారంతో కట్టి, పైన గొడుగు గుచ్చారు. ఆయన ముఖంలో ఉత్సాహమేమీ లేదు. పాత ఉద్యోగం చేస్తున్నట్టే చేశారు.

అప్పుడే మా పక్క వీధి చెల్లి వచ్చింది. ఖమ్మం వైపు పిల్ల. మా సంఘమే. వాళ్ళాయన కూడా మా ఆయన లైనులోనే పనిచేసేవాడు, అదే ఉదయం అదే క్యాంటీన్‌లో నిలబడ్డాడు. వాళ్ళ కార్డులకూ అదే నవంబరు. ఆమె గొడుగు కింద పువ్వును చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది బావా, ఈ వానల పెండ్లి చేస్తున్నరా?"

"చేస్తున్నా. కట్నం లేదు, ఊరేగింపూ లేదు."

"మరి మాకు భోజనమన్నా పెడ్తరా?"

"కాయ కాస్తే మీ అక్కని అడుగు. తొలి కాయ దేవుడికి రాసిచ్చేసింది."

"అబ్బ, అక్కతోని గిదే తంటా. పిందె పడకముందే చర్చిల పెట్టేస్తది" అంటూ నవ్వింది. తరవాత లోపలికొచ్చి, టీ తాగుతూ, వాళ్ళాయనకు మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదని చెప్పింది. నేను బిస్కెట్ల డబ్బా ముందుకు జరిపాను. ఆ రోజుల్లో నా దగ్గర ఉన్న ఓదార్పు అదే.

ఆ పిందె నిలబడింది. పిడికిలంత అయ్యాక పాత దుప్పటి అంచు చించి కాడకు పీలిక కట్టాను.

గోడ అవతల ఒక ఐరిష్ ముసలావిడ ఉండేది, ఒంటరిగా. బట్టలు ఆరేసుకుంటూ నా పాదును గమనిస్తూ ఉండేది. ఒకరోజు గోడ మీదుగా, "అమ్మాయ్, ఆ మొదటి కాయను చిన్నగా ఉండగానే తీసెయ్. తీగ బలమంతా అదే లాగేస్తుంది. తీస్తే ఇంకో రెండు మూడు నిలుస్తాయి. మన ఎండాకాలం ఎంతని?" అంది.

"గ్రాండ్, థ్యాంక్యూ" అన్నాను, సరే అనడానికి ఇక్కడివాళ్ళు అనేట్టే. తీయలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ మాట మా ఆయనకు చెప్పాను. ఆయన చెంచా పక్కన పెట్టారు.

"మరి తీసెయ్యొచ్చుగా? తరవాత వచ్చినదాన్ని ఇవ్వు."

"అప్పుడు అది తొలి కాయ ఎలా అవుతుంది?"

"ఒకటి పోతే మూడొస్తాయంటున్నావు కదే. మూడూ తీసుకెళ్ళి ఇచ్చేద్దాం."

"పీలిక కట్టేశానండీ."

"పీలిక మనం కట్టిందేగా."

"అందుకే."

ఆయన మళ్ళీ చెంచా అందుకున్నారు. ఆయనా ప్రార్థన చేసే మనిషే. కానీ మిషన్ కాంపౌండులో పెరగలేదు.

మా ఊళ్ళో తొలి కాయను ఉంచినా పాదు కాస్తూనే ఉంటుంది. అక్కడ ఎండ నెలల తరబడి ఉంటుంది, తీగకు తొందర లేదు. ఇక్కడ ఎండ ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలన్నీ ఆ ఒక్క కాయకే చాల్లేదు. ఆగస్టులో ఇంకో నాలుగైదు పిందెలు పడ్డాయి. మా ఆయన కుంచెతో అన్నింటికీ తిరిగారు. ఒక్కొక్కటే పచ్చబడి మెత్తబడి రాలిపోయాయి. ముసలావిడ గోడ మీదుగా చూసి, చెప్పానుగా అనలేదు. "పాపం" అని మాత్రం అంది.

ఆయన డబ్లిన్ వెళ్ళి, అక్కడి కంపెనీలుండే చెర్రీవుడ్‌లో ఒక ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చారు. బాగా మాట్లాడారట. అవకాశం వస్తే పిలుస్తామన్నారట. సెప్టెంబరు అయిపోయింది. ఆకుల మీద తెల్లటి బూజు పట్టింది. తీగ వాడిపోతుంటే కాయ ఒక్కటే కనిపించసాగింది. పెద్దది కాదు. ఒకవైపు నారింజ రంగు, నేలను ఆనుకున్న వైపు ఇంకా ఆకుపచ్చ.

అక్టోబరు ఆఖరున వచ్చే హాలోవీన్‌కు ఇక్కడి పిల్లలు గుమ్మడికాయను తొలిచి, దెయ్యం ముఖం చెక్కి, లోపల దీపం పెడతారు. పాప దాని చుట్టూ తిరిగేది. "మామీ, కెన్ వి కార్వ్ ఇట్? ప్లీజ్? ఎవ్రీవన్ ఇన్ మై క్లాస్ హ్యాజ్ వన్."

"అది దేవుడిదమ్మా. దానికి కళ్ళూ కోరలూ చెక్కి దీపం పెట్టకూడదు."

"బట్ గాడ్ డజంట్ ఈవెన్ ఈట్ పంప్‌కిన్."

మా ఆయన నవ్వాపుకోవడానికి సింకు వైపు తిరిగారు. ముసలావిడ ఈ గొడవ విని, తమ చిన్నప్పుడు గుమ్మడికాయలు ఎక్కడివని, టర్నిప్ దుంపల్నే తొలిచి దీపం పెట్టేవాళ్ళమని చెప్పి, పాపకు ఒక టర్నిప్ ఇచ్చింది. దాన్ని తొలవలేక చెంచా వంకర పోయింది. టర్నిప్ విషయంలో నేను నోరు మెదపలేదు.

కోత పండుగ ఆదివారం కాయను కోసి, కడిగి, తుడిచి తీసుకెళ్ళాను. హాల్లో బల్ల మీద ఎవరో తెచ్చిన కొత్తిమీర కుండీ, పుదీనా, ఇంట్లో చేసిన ఆవకాయ సీసాలు, ఒక కేకు, మా గుమ్మడికాయ. మొత్తం అయిదు కుటుంబాలం మిగిలాం. అంకుల్ ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ వేలం వేశారు. గుమ్మడికాయ దగ్గర గొంతు పెంచారు.

"ఐర్లండులో కాసిన తెలుగు గుమ్మడి! అందరూ పాడాలి."

ఆయనే ముందు పాడి, ఆయనే దక్కించుకుని, తిరిగి ఇచ్చేశారు. ఇంకొకరు పాడి, వాళ్ళూ తిరిగి ఇచ్చారు. మూడోసారి వేలానికి వచ్చినప్పుడు మా చెల్లి చెయ్యెత్తింది. వాళ్ళాయన ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. ఆమె రెండో చెయ్యి ఎత్తింది. అందరూ నవ్వారు. ఎవరూ ఆమె మీద పోటీ పాడలేదు.

"తిరిగి ఇస్తున్నారా అమ్మా?" అంకుల్ అలవాటుగా అడిగారు.

"ఇయ్యను అంకుల్. బావ గొడుగు పట్టి పెంచిండు. నేను ఇంటికి తీస్కపోయి వండుకుంట."

కాయను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అడిగాక కూడా ఇవ్వనని అన్నవాళ్ళను నేను ఎప్పుడూ చూడలేదు. తప్పు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. రెండు రోజుల తరవాత గిన్నెలో దప్పళం తెచ్చి ఇచ్చింది. "ఇదే మీ దేవుని కాయ. రుచి లేదక్కా, నీళ్ళు. బెల్లం ఇంత వేసిన" అంది. నిజమే. పూర్తిగా పండని కాయ. మేం ముగ్గురం అన్నంలో కలుపుకుని తిన్నాం.

నవంబరు మొదట్లో మా ఆయన పాత సూపర్వైజరు ఫోన్ చేశాడు. దక్షిణాన, మూడు గంటల దూరంలోని ట్రాలీ అనే ఊరి దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరాడట. క్వాలిటీకి ఒక మనిషి కావాలి, పర్మిట్‌కు వాళ్ళే పెడతారు. మా ఆయన పేరు, చెల్లి వాళ్ళాయన పేరు రెండూ ఇచ్చాడట. ఇద్దరూ వెళ్ళి మాట్లాడి వచ్చారు. ఒకే కారులో వెళ్ళి, ఒకే కారులో తిరిగొచ్చారు. పోస్టు ఒక్కటే. మా ఆయన్ని తీసుకున్నారు, సర్వీసు ఎక్కువని.

ఆయన ఆ కబురు చెప్పినప్పుడు నేను పాప యూనిఫాం మడతపెడుతున్నాను. "దేవునికి స్తోత్రం" అన్నాను. రెండో చొక్కా తీసుకుని మడతపెట్టాను. ఆయన వచ్చి పక్కన కూర్చుని సాక్సులు జత చేయడం మొదలుపెట్టారు.

"వాళ్ళకి చెప్పారా?" అని అడిగాను.

"అతనే ముందు నా చెయ్యి పట్టుకుని కంగ్రాట్స్ చెప్పాడు" అన్నారు.

ఆ నెల సంఘ కూడికలో అంకుల్ వాక్యం ముగించి, ముఖం వెలిగిపోతుండగా నా వైపు చూశారు. ఆ మనిషిని తప్పు పట్టను. నెలనెలా హాలు ఖాళీ అవుతుంటే నిలబెట్టుకొచ్చిన మనిషి. ఆయనకు ఒక మంచి కబురు కావాలి. మాకందరికీ కావాలి.

"అమ్మా, తొలి కాయ దేవునికిచ్చారు. దేవుడు ఉద్యోగం ఇచ్చాడు, ఈ దేశంలో ఉంచాడు. లేచి సాక్ష్యం చెప్పండి. విశ్వాసం బలపడుతుంది."

లేచాను. ఇలాంటి సాక్ష్యాలు వేలల్లో విన్నాను. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే హల్లెలూయా వస్తుందో నాకు తెలుసు. పీలిక కట్టడం దగ్గర మొదలుపెట్టి, పక్కింటావిడ తీసెయ్యమన్నా తీయకపోవడం చెప్పి, ఫోన్ రావడం దగ్గర ముగిస్తే సరిపోతుంది. ఒక్క అబద్ధం కూడా చెప్పక్కర్లేదు.

రెండో వరసలో చెల్లి కూర్చుని ఉంది. పక్కన వాళ్ళాయన. వాళ్ళు ఇండియాకు టికెట్లు తీసుకున్నారని అప్పటికే అందరికీ తెలుసు. వాళ్ళూ మోకాళ్ళూనారు. నేను కార్పెట్ మరక చూస్తూ ప్రార్థించిన రోజుల్లో ఆమె నిజంగా ఏడుస్తూ ప్రార్థించింది, నేను చూశాను. ఆ కాయను కూడా ఆమే పాడుకుంది. అది దేవుని లెక్క అయితే అందులో ఆమె భాగం ఏమైందో ఆ హాల్లో నన్నెవరూ అడగరు. నేను మాత్రం ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాను.

"మాకు ఉద్యోగం వచ్చింది" అన్నాను. "దేవునికి వందనాలు. కాయ ఇచ్చినందుకు వచ్చిందని నేను చెప్పలేను. కాయ ఆయనది కాబట్టి ఇచ్చాం. మమ్మల్ని ఎందుకు ఉంచాడో నాకు తెలియదు. చాలా నెలలుగా నాకేమీ అనిపించడం లేదు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. నా కోసం మీరు ప్రార్థన చెయ్యండి."

కూర్చున్నాను. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"ఆమేన్" అంది చెల్లి, గట్టిగా. తరవాత ఒకరిద్దరు అన్నారు.

కూడిక అయ్యాక కుర్చీలు మడుస్తుంటే నా పక్కకు వచ్చింది. ఆమె ఒక కుర్చీ కాలు పట్టుకుంది, నేను వీపు పట్టుకున్నాను.

"మస్తు భయపడ్డ అక్కా. నువ్వు మంచిగ సాక్ష్యం చెప్తవేమో, ఏడుస్తనేమో అని" అంది. "ఏడుపు రాలే. ఆకలి అయితుంది."

"కోడికూర ఉంది. పులావు కూడా ఉన్నట్టుంది."

"ట్రాలీల మన సంఘం ఉందా?"

"లేదంట. ఆదివారం ఇంట్లోనే చేసుకోవాలి, ముగ్గురమే."

"అయితే ఫోన్ చెయ్యి. ఖమ్మంల అప్పటికి మాకు రాత్రి అయితది, పర్వాలే. నువ్వు వాక్యం చదువు, నేను వింట. నీకు ఏమనిపించకున్నా చదువు."

"సరే" అన్నాను.

ఆ కుర్చీని గోడకు ఆనించి, ఇంకో కుర్చీ అందుకున్నాం.